మెత్తన్న స్టీరింగు

మనిషిని చూసి మెత్తన్న అని పేరు పెట్టడానికి ఎవరికీ నోరు రాదు. ఆరడుగుల మీద ఇంకో నాలుగు వేళ్ళు ఉంటాడు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. దగ్గాడంటే పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు. అయినా ఆ పేరే స్థిరపడిపోయింది. పెట్టినవాళ్ళు అతని వ్యానులో వారానికి మూడుసార్లు డయాలసిస్ కేంద్రానికి వెళ్ళొచ్చే ఆరుగురు. ఆ పేరు అతని ఒంటికి కాదు, అతని బండి నడకకి.

డయాలసిస్ ఎరగనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఎరగకపోవడం మీ అదృష్టం. మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసిన మనిషిని నాలుగు గంటలు మంచం మీద పడుకోబెట్టి, చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో నెత్తురుని యంత్రంలోకి పంపి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. వెళ్ళేటప్పుడు ఉబ్బిపోయి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు పిండి ఆరేసిన బట్టల్లా ఉంటారు. కళ్ళు తిరుగుతాయి, కడుపులో దేవుతుంది. అలాంటప్పుడు డ్రైవరు ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది.

మెత్తన్న బండిలో ఆ బాధ లేదు. గుంట ఉందని చక్రానికి తెలిసేలోపే అతని కాలికి తెలిసిపోతుంది. మలుపు తిప్పాక స్టీరింగుని లాగి సరిచెయ్యడు. రెండు అరచేతుల మధ్య నుంచి దాన్ని దాని మానాన జారనిస్తాడు. నిద్రపోతున్న బిడ్డ తల కింద నుంచి తల్లి చెయ్యి తీసుకున్నట్టుంటుంది ఆ పని. ఇరవై ఏడేళ్ళుగా బండి నడుపుతున్నాడు కానీ ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే చెప్పలేడు. "నిదానంగా పోతానంతేనండీ" అంటాడు. అదొక విద్య అని అతనికి తెలియదు పాపం.

దానికి సాక్ష్యం పంతులమ్మగారి గ్లాసు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన ఆవిడ రెండో వరసలో కూర్చుంటారు. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగాలి. ఆవిడ తన పూట నీళ్ళు మూతలేని స్టీలు గ్లాసులో పోసుకుని, పట్టుకుని కూర్చుంటారు. "మూత ఉన్న సీసా తెచ్చుకోవచ్చు కదండీ" అని ఎవరన్నా అంటే, "సీసా అయితే గటగటా తాగేస్తాను. గ్లాసయితే ఎంత మిగిలిందో చూసుకుంటూ తాగుతాను" అంటారు. నాలుగేళ్ళలో ఆ గ్లాసులోంచి ఒక్క చుక్క కింద పడలేదు. ఎంత ఒలికిందో తెలియకపోతే ఇంకెంత తాగచ్చో తెలియదు కనుక, ఆవిడకి అది చిన్న విషయం కాదు.

డ్రైవరు సీటు వెనకే, నడుమెత్తు ఇనప కమ్మీకి మోచెయ్యి ఆనించి కూర్చునే మనిషి సూదత్త. వయసు అరవై ఎనిమిది. ఊళ్ళో స్టీరింగులకీ సీట్లకీ తోలు తొడిగి కుట్టే పని నలభై ఏళ్ళుగా ఆమెది. ఇనప పని చేసేది ఆమె తమ్ముడు, అందరూ లేత్ మాస్టారంటారు. తోలు పని ఆమెది. ఇద్దరిదీ ఒకే షెడ్డు. "వారం అంతా నేను తోలుని పొడుస్తాను, మూడు రోజులు వాళ్ళు నా తోలుని పొడుస్తారు. ఎక్కడా బాకీ లేదు" అని నవ్వుతుంది. నాలుగేళ్ళుగా ఆమె చూపు కిటికీలోంచి బయటికి పోయింది తక్కువ, మెత్తన్న చేతుల మీద నిలిచింది ఎక్కువ. పనివాళ్ళకి ఇంకో పనివాడి చేతులు కనపడితే చూపు తిప్పుకోలేరు.

ఇంత సవ్యంగా నడిచేదాన్ని పాడుచేసింది ఒక పీట.

పేషెంట్లు దిగడానికి వీలుగా ఉంటుందని మెత్తన్న స్వయంగా చేయించిన చెక్కపీట అది. వాన పడుతున్న ఒక ఉదయం ఆరుగురినీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దింపాడు. అందరూ భద్రంగా చూరు కిందికి చేరారు. హమ్మయ్య అనుకుంటూ పక్కకి తిరిగి, ఆ పీటకే తట్టుకుని పడ్డాడు. ఎడమ మోకాలు వెళ్ళి పీట అంచు మీదే పడింది. నిలబడలేనివాళ్ళు ఆరుగురూ నిలబడి ఉన్నారు. నిలబెట్టినవాడు నేల మీద ఉన్నాడు.

ఆపరేషను, మూడు నెలల మంచం, కర్ర పట్టుకుని నడక. చివర్లో డాక్టరు మోకాలిని అటూ ఇటూ కదిపి చూసి, "ఎముక బాగా అతికింది. కాకపోతే మోకాలు ఇంతకన్నా వంగదు. నడుస్తారు, మెట్లెక్కుతారు. డ్రైవింగు సంగతి మాత్రం మీ బండినే అడగాలి" అన్నాడు.

అడిగాడు. ఇంటిముందు నిలిపిన వ్యానులోకి ఎలాగో ఎక్కి కూర్చుని, క్లచ్ తొక్కాడు. తొక్కడం బాగానే ఉంది. వదిలేటప్పుడే వచ్చింది చిక్కు. క్లచ్ మీద నుంచి కాలు వెనక్కి రావాలంటే మోకాలు మడవాలి. అది వంగదు కనుక తొడ పైకి లేస్తుంది. లేచి స్టీరింగు కింది అంచుకి గుద్దుకుంటుంది. సీటు వెనక్కి జరుపుదామంటే ఇనప కమ్మీ అడ్డం. అదేమో పాతకాలపు బండి, స్టీరింగు పైకీ కిందికీ కదలదు. పదిసార్లు తొక్కి పదిసార్లు గుద్దుకున్నాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

భార్య గుమ్మంలోంచి చూసి, "దిగి రండి, అన్నం చల్లారిపోతోంది" అంది.

"ఒక కాలు దిగింది. రెండోది రానంటోంది" అన్నాడు.

ఆమె వెళ్ళి భుజం ఇచ్చింది. తొడ మీద ప్యాంటుకి స్టీరింగు అంచు మరక నల్లగా గీత గీసినట్టు పడి ఉంది. ఆమె దాన్ని ఉతికేటప్పుడు చాలాసేపు రుద్దింది.

ఆ వారంలోనే రవాణా ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. కాలికి ఆపరేషను అయిన డ్రైవరు నెలాఖరులోగా హాజరై బండి నడిపి చూపించాలి. చూపించలేకపోతే పేషెంట్లని తీసుకెళ్ళే అనుమతి రద్దవుతుంది. అంతవరకు రోడ్డెక్కకూడదు. మెత్తన్న ఆ కాయితాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ వయసులో ఇంకో పని చూసుకోమంటే ఏం చూసుకుంటాడు? పైగా ఆ ఆరుగురూ ఏమవుతారు?

ఈలోగా వ్యాను నడుపుతున్నది బావమరిది. బంగారంలాంటి మనిషి, పిలవకుండానే వచ్చి సాయానికి నిలబడ్డాడు. అయితే అతను పదేళ్ళుగా తోలేది ఇటుకల లారీ. ఇటుకలకి కళ్ళు తిరగవు, కడుపులో దేవదు. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఒక ఆదివారం ఆరుగురూ కూడబలుక్కుని మెత్తన్నని చూడ్డానికి వచ్చారు. బావమరిది బండి గేటు ముందు ఒక్క కుదుపుతో ఆగింది. దిగేసరికి అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి.

"ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు మెత్తన్న.

"బాగానే ఉన్నాం బాబూ. మీ బావమరిది చాలా మంచివాడు" అన్నారు పంతులమ్మగారు. అంతకుమించి ఏమన్నా అంటే అబద్ధమవుతుందని ఆగిపోయారు.

సూదత్త మాత్రం కుర్చీలో కూర్చోలేదు. "ఏదీ, తొడ చూపించు" అంది.

"అందరి ముందా అత్తా?"

"నీ తొడ ఎవడిక్కావాలిరా! స్టీరింగు ఎక్కడ తగులుతోందో చూపించు."

భార్య లోపలికెళ్ళి ఆ ప్యాంటు పట్టుకొచ్చింది. మరక ఎంత రుద్దినా పోలేదు. సూదత్త ఆ గీత మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ నడిపించి, వ్యాను దగ్గరికి వెళ్ళి స్టీరింగు కింది అంచుని జానతో కొలిచి వచ్చింది.

"కాలు కొయ్యడానికి డాక్టర్లు ఒప్పుకోరు. చక్రం కోద్దాం" అంది.

మెత్తన్నకి అర్థం కాలేదు. ఆమె చేత్తో గాలిలో గీసి చూపించింది. గుండ్రటి స్టీరింగుకి కింద ఉన్న పొట్ట తీసేసి, అక్కడ తిన్నని చువ్వ పెట్టాలి. పందేల కార్లకి అలాంటివే ఉంటాయి. కింది భాగం చదునైపోతే తొడకీ చక్రానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు వస్తుంది. మిగతాదంతా ఎప్పట్లాగే ఉంటుంది. "మా తమ్ముడు ఇలాంటివి చాలా చేశాడు. నేను తోలు తొడుగుతాను. నువ్వు కొలతలకి వెళ్ళు చాలు."

మెత్తన్న గొంతు సవరించుకుని, "అత్తా, నీ మేలు..." అని మొదలుపెట్టాడు.

"ముందు నడుపు, తర్వాత మాట్లాడుదువుగాని" అని ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది.

కొలతల రోజున సూదత్తకి డయాలసిస్. బావమరిది అందరినీ కేంద్రంలో దింపి వ్యానుని షెడ్డుకి తెచ్చాడు. అక్కడ ఆమె తమ్ముడొక్కడే ఉన్నాడు. గోడ పొడవునా పాత స్టీరింగులు మేకులకి వేలాడుతున్నాయి. ఇనప రజను, రంపపు పొట్టు, తోలు వాసన, జిగురు డబ్బాలు. మెత్తన్న ఆ ఉదయం తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. కొలతలు తీసుకుంటారంటే మరి మనం ఊరుకుంటామా? వ్యాను సీట్లో నిటారుగా, గడ్డం ఎత్తి, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"హాయిగా కూర్చోండి" అన్నాడు లేత్ మాస్టారు టేపు పట్టుకుని.

హాయిగా కూర్చోమంటే మనిషి ఇంకా బిగుసుకుపోతాడు. మెత్తన్న వీపు ఇంకో అంగుళం లేచింది. లేత్ మాస్టారు ఆ కొలతే గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

నాలుగు రోజులకి చక్రం తయారైంది. లేత్ మాస్టారుకి ఒక నియమం ఉంది. తను చేసిన చక్రాన్ని దూలానికి కట్టి, దాని మీద తన బరువంతా వేసి వేలాడి చూస్తేగాని బయటికివ్వడు. అలా వేలాడి చూసిన చక్రాన్ని తెచ్చి బిగించాడు. నల్లటి తోలు, కింద చదును. మెత్తన్న కూర్చుని క్లచ్ తొక్కి వదిలాడు. తొడ లేచింది. ఎక్కడా తగల్లేదు. మళ్ళీ తొక్కి వదిలాడు. తొడకీ చక్రానికీ మధ్య వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. సరిగ్గా నాలుగు. అతనికి కళ్ళు చెమర్చాయి. భార్యకి ఫోను చేసి, "నాలుగు వేళ్ళే!" అన్నాడు. ఆవిడకి అర్థమై, అవతల ఏడుస్తూ నవ్వింది.

పరీక్షకి ఇంకా వారం ఉంది. రోడ్డెక్కే వీల్లేదు కనుక, కేంద్రం వెనక ఖాళీ మైదానంలో ఒకసారి నడిపి చూసుకుందామనుకున్నారు. డయాలసిస్ రోజున గంట ముందుగా వచ్చారు. బావమరిది దిగి పక్క సీట్లోకి మారాడు. ఆరుగురూ ఎప్పటి చోట్లలో కూర్చున్నారు. పంతులమ్మగారి చేతిలో గ్లాసు.

మొదటి చుట్టు బాగానే ఉంది. రెండో చుట్టులో మెత్తన్న తనని తాను మరిచిపోయాడు. అంటే ఎప్పట్లా నడపడం మొదలుపెట్టాడు. ఎప్పట్లా అంటే నిటారుగా కాదు. నడుము కిందికి జార్చి, ఒళ్ళు కాస్త ఎడమకి వాల్చి కూర్చోవడం అతని అలవాటు. ఆ అలవాటు ఉన్నట్టు అతనికే తెలియదు. మలుపు తిప్పి, చక్రాన్ని అరచేతుల్లోంచి జారనిచ్చాడు. గుండ్రంగా జారుతూ జారుతూ, చదును వచ్చేసరికి చేతుల్లో ఏమీ లేదు. గబుక్కున పట్టుకున్నాడు. బండి ఒక ఊపు ఊగింది. ఆ కంగారులో మోకాలు చదును మూలకి తగిలి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. వ్యాను ముందుకి గెంతి ఆగిపోయింది.

మెత్తన్న అద్దంలో చూశాడు. పంతులమ్మగారి ఒళ్ళో నీళ్ళు. "ఫరవాలేదు బాబూ, ఏం ఫరవాలేదు" అంటూ ఆవిడ మిగిలిన గ్లాసు మీద అరచెయ్యి మూశారు. బావమరిది నడిపిన ఇన్ని నెలలూ ఆవిడ అలాగే మూసుకుని కూర్చునేవారు. మెత్తన్న నడిపేటప్పుడు ఆ చెయ్యి ఎన్నడూ గ్లాసు మీదికి పోలేదు.

అతను ఇంజను ఆపి, తాళంచెవి తీసి బావమరిది చేతిలో పెట్టాడు. "పరీక్ష పాసవుతానేమో గానీ, వీళ్ళని మాత్రం తీసుకెళ్ళలేను. కాలికి చోటు వచ్చింది, చెయ్యి పోయింది. ఇక నువ్వు నడిపినా నేను నడిపినా ఒకటేరా."

"అంటే నేను అంత ఘోరంగా నడుపుతానా బావా?" అన్నాడు బావమరిది. ఎవరూ కాదనలేదు.

"దిగకు" అంది వెనక నుంచి సూదత్త. "అక్కడే కూర్చో. ఏయ్, అందరూ ఏదో ఒకటి మాట్లాడండి. ఊరికే నోళ్ళు మూసుకు కూర్చుంటే ఎలా?"

మూడో వరసలో ఉండే వాచీల ఆయన అందుకున్నాడు. జీవితమంతా వాచీలు బాగుచేసిన ఆయన తన పెళ్ళికి తానే రెండు గంటలు ఆలస్యంగా వెళ్ళిన కథ చెప్పాడు. మామగారు "నీ చేతికున్నదేమిటయ్యా?" అని అడిగితే, "అది రిపేరుకొచ్చిందండీ, నాది కాదు" అన్నాట్ట. బావమరిది పగలబడి నవ్వాడు. మెత్తన్నకీ నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ నడుము కిందికి జార్చి, ఎడమకి వాలాడు.

అప్పుడు సూదత్త కమ్మీ మీదుగా వంగి, జాకెట్టులోంచి సుద్దముక్క తీసి, ముందు అతని తొడ మీద ఒక గీత, తర్వాత చక్రం మీద ఒక గీత పెట్టింది.

"ఇదీ నీ అసలు కొలత. మా తమ్ముడి ముందు పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? నేను నాలుగేళ్ళుగా నీ వీపు చూస్తున్నాను. నువ్వు నిటారుగా కూర్చున్నది ఒక్కరోజు లేదు" అంది. తర్వాత అతని రెండు చేతులూ పట్టుకుని చదునుకి అటూ ఇటూ ఉన్న మూలల మీద పెట్టింది. "ఈ చేతులు ఇరవై ఏడేళ్ళుగా గుండ్రాన్నే నమ్ముకున్నాయి. చదును వస్తోందని వాటికి ముందే ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెబుతాను."

ఆమె చెప్పిన మార్పులు రెండు. ఒకటి, చదును ఒక గాడి ఎడమకి జరిగేలా చక్రాన్ని తిప్పి బిగించాలి. స్టీరింగు కూర్చునే ఇరుసు మీద చుట్టూ సన్నని గాళ్ళుంటాయి. ఒక్క గాడి మారిస్తే చదును సరిగ్గా మధ్యలో కాక, ఎడమ తొడ మీదికి వస్తుంది. రెండు, ప్రతి మూలకీ బెత్తెడు ముందు తోలు కింద దళసరి తాడు పెట్టి, ఉబ్బెత్తుగా కుట్టాలి. జారుతున్న అరచేతికి ఆ ఉబ్బు తగిలితే, చదును దగ్గరపడిందని తెలుస్తుంది.

లేత్ మాస్టారు మొదటిదానికి ససేమిరా అన్నాడు. "వంకరగా బిగించిన చక్రం నా షెడ్డులోంచి బయటికి పోదక్కా. చూసినవాళ్ళు నన్ను తాగి పనిచేశాడనుకుంటారు."

"మనిషి వంకరగా కూర్చుంటే చక్రం తిన్నగా ఉండడమే తప్పురా. అతని వీపుకి ఈ వయసులో నువ్వు చదువు చెబుతావా?"

తమ్ముడు గొణుక్కుంటూనే గాడి మార్చాడు. మిగిలింది కుట్టుపని. అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చే చేత్తో బరువెత్తకూడదు, గట్టిగా లాగకూడదు. సూదత్త ఎడమచెయ్యి అలాంటిది. మామూలు కుట్లయితే తమ్ముడు దారం లాగి పెడతాడు. ఉబ్బెత్తు కుట్టుకి మాత్రం ప్రతి పోటు దగ్గరా రెండు వైపులా సమంగా లాగాలి, లేకపోతే తాడు పక్కకి జరుగుతుంది. తమ్ముడి ఇనప వేళ్ళకి ఆ సమం కుదరదు.

పరీక్షకి రెండు రోజుల ముందు, మళ్ళీ కేంద్రం వెనక మైదానంలో వ్యాను ఆగింది. సూదత్త డ్రైవరు సీటు పక్కన చిన్న స్టూలు వేసుకుని, మైనం పట్టించిన దారం సూదికెక్కించి, "ఒక్కొక్కరే రండి" అంది. ఆమె పొడుస్తుంది, వచ్చినవాళ్ళు లాగుతారు. సూదులు గుచ్చని చేత్తో, ఆమె చాలు అనేదాకా.

వాచీల ఆయన దారాన్ని వెంట్రుకలా పట్టుకుని లాగాడు. "అది వాచీ కాదయ్యా, కాస్త బలం పెట్టు" అని అదిలించింది. బావమరిది ఒక్క లాగుకి దారం తెంపేశాడు. "నువ్వు పో, దూరంగా పో!" అని తరిమింది. పంతులమ్మగారు అందరికంటే చక్కగా లాగారు, పైగా కుట్లు లెక్కపెట్టారు. ఒక్కో ఉబ్బుకి ఇరవై మూడు. రెండోదానికి ఇరవై రెండే వచ్చాయని ఆవిడ పట్టుబట్టి ఇంకోటి వేయించారు. కదలలేనివాళ్ళు ఇద్దరుంటే, సీటు దాకా దారం చాచి అక్కడి నుంచే లాగించారు. లోపలి నుంచి నర్సు రెండుసార్లు వచ్చి పిలిచింది. మూడోసారి తనూ ఒక కుట్టు లాగి వెళ్ళింది.

మెత్తన్న చెయ్యి చాస్తే సూదత్త చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "నువ్వు ముట్టుకోకు. నీ చక్రం నువ్వే కుట్టుకుంటే ఇంక మేమెందుకు?"

అతను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇన్నేళ్ళు వీళ్ళని ఎక్కించి దింపాడు, అది తన పని. కూలికి చేసిన పని. దానికి వీళ్ళు మనసులో ఇంత దాచుకున్నారని అతనికి తెలియదు. "సూదత్తా..." అన్నాడు.

"మాట్లాడకు. కుట్టు తప్పుతుంది" అంది తల ఎత్తకుండా.

పరీక్ష రోజున రవాణా ఆఫీసు మైదానంలో ఇన్‌స్పెక్టరు వ్యాను తలుపు తీసి, మొదట చూసింది స్టీరింగునే. "ఇదేమిటి, వంకరగా ఉంది?"

"చక్రం సరిగ్గానే ఉందండీ. నేను కూర్చోవడమే వంకర. దానికి తగ్గట్టు చేశారు" అన్నాడు మెత్తన్న.

ఇన్‌స్పెక్టరు చక్రాన్ని పట్టుకుని గట్టిగా ఊపాడు, కింద దూరి ఇరుసు చూశాడు, లేత్ మాస్టారు ఇచ్చిన కాయితాలు చదివాడు. ఏ తప్పూ దొరకలేదు. పక్కన కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఫారం నింపుతూ, "పోనివ్వండి" అన్నాడు.

మెత్తన్న పోనిచ్చాడు. సందులో వెనక్కి తీశాడు, ఎత్తు మీద ఆపి కదిలించాడు, చెప్పినచోట ఆపాడు. మలుపు దగ్గర చక్రాన్ని జారనిస్తుంటే, అరచేతికి ఉబ్బు తగిలింది. పంతులమ్మగారి ఇరవై మూడు కుట్లు. ఆ వెంటనే చదును వచ్చింది, చెయ్యి దానికోసం సిద్ధంగా ఉంది. మోకాలు లేచింది, తగల్లేదు. అతను నడుము కిందికి జార్చి, ఎడమకి వాలి, ఎప్పట్లా కూర్చున్నాడు.

బండి ఆగాక ఇన్‌స్పెక్టరు తను రాసిన ఫారం చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క అక్షరం వంకర పోలేదు. "నేనిదంతా బండి నడుస్తుండగానే రాశానా?" అని తనని తానే అడిగినట్టు అని, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

మర్నాడే డయాలసిస్. తీసుకెళ్ళేటప్పుడు అందరూ ఒకటే కబుర్లు. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నపు ఎండ కిటికీల్లోంచి పడుతోంది. మెత్తన్న అద్దంలోకి చూశాడు. పంతులమ్మగారి ఒళ్ళో గ్లాసుంది, దాని మీద చెయ్యి లేదు. ఆవిడ తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. వాచీల ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బావమరిది నడిపిన రోజుల్లో ఒక్కరూ కళ్ళు మూసింది లేదు. కమ్మీ మీద మోచెయ్యి పెట్టుకుని సూదత్త కూడా నిద్రపోతోంది. నాలుగేళ్ళలో ఆమె బండిలో నిద్రపోవడం అదే మొదలు. ఇంతకాలం ఆ చేతులని చూస్తూ కూర్చున్న మనిషి, ఇక చూడక్కర్లేదనుకుంది కాబోలు.

ఒక్కొక్కరినే లేపి దింపాడు. చివరికి సూదత్త ఒక్కతే మిగిలింది. ఆమె వీధి మలుపు తిరిగాడు. నీలం తలుపు, పక్కనే షెడ్డు. ఆపాలి. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. అద్దంలో ఆమె మొహం చూశాడు. నలభై ఏళ్ళ పని, నాలుగేళ్ళ సూదులు, అన్నీ ఆ కాసేపటికి ఆ మొహం మీద నుంచి దిగిపోయి ఉన్నాయి. రెండుసార్లు చెబుదామన్నా చెప్పనివ్వని మనిషి. బ్రేకు మీద నుంచి కాలు తీసేశాడు. వ్యాను ఆ తలుపు దాటి, మెల్లగా ముందుకి వెళ్ళి, వీధి చివర తిరిగి, మళ్ళీ చుట్టూ వచ్చింది. మళ్ళీ ఆ తలుపు దాటింది.

మూడోసారి మలుపులో చక్రం అతని చేతుల్లోంచి జారుతుండగా, వెనక నుంచి వినపడింది.

"ఇల్లు దాటిపోతున్నావు."

అద్దంలో ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

"తెలుసు అత్తా."

"మరి?"

మెత్తన్న గొంతు సవరించుకున్నాడు. చెప్పాలనుకున్నదంతా అక్కడిదాకా వచ్చింది. కానీ అతనికి చేతకానిది మాట్లాడడం, చేతనైంది ఇదొక్కటే.

"ఇంకో చుట్టు తిప్పనా?" అన్నాడు.

ఆమె కళ్ళు తెరవలేదు. కమ్మీ మీద మోచెయ్యి ఇంకాస్త సర్దుకుంది.

"తిప్పు" అంది.